బుద్ధుడికి కళ్ళు దిద్దిన ఊళ్ళో

జపాన్ వెళ్ళినవాళ్ళు టోక్యో చూస్తారు, ఫూజీ కొండతో ఫొటో దిగుతారు, వీలు చిక్కితే క్యోటో వెళ్తారు. ఇంకో పూట మిగిలితే నారా. నిజానికి ఆ పూట ముందే తీసి పక్కన పెట్టుకోవాలి. సుమారు 1,270 ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో జరిగిన మహోత్సవంలో కుంచె పట్టుకున్నది దక్షిణ భారతం నుంచి వెళ్ళిన ఒక సన్యాసి.

ఒసాకాలో నంబా స్టేషన్ దగ్గర కింతెత్సు రైలెక్కితే నలభై నిమిషాల్లో నారా. మా ఊరు కె.కోటపాడులో బస్సెక్కి అనకాపల్లిలో దిగడానికి ఇంతకన్నా ఎక్కువే పడుతుందని నేనంటే, "బస్సెక్కాక పట్టే టైము కాదు మావయ్యా, బస్సు వచ్చేదాకా పట్టే టైము లెక్కెయ్యాలి" అన్నాడు మా మేనల్లుడు. వాడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. మాడుగుల హల్వా పట్టుకుని వాడి దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళాను. క్యోటో తీసుకెళ్తానన్నాడు. అక్కడ గుళ్ళకన్నా సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపిస్తున్నాయట, నారా పోదాం పద అని పట్టుబట్టింది నేనే. అందుకో కారణం ఉంది. దాని దగ్గరికి వస్తాను.

రైలు యమాతో-సైదాయ్‌జీ దాటగానే కిటికీ అవతల ఊరు మాయమైపోతుంది. రెండు పక్కలా పెద్ద గడ్డిమైదానం. కుడి వైపు ఎర్రరంగు వేసిన నిలువెత్తు ద్వారం, ఎడమ వైపు దూరంగా ఒక రాజమందిరం. రైలు పోతున్నది పాత కోట నడిమధ్యలోంచి! 710లో జపాన్ ఇక్కడ రాజధాని కట్టుకుంది. చైనాలో టాంగ్ చక్రవర్తుల చాంగాన్ నగరాన్ని చూసి, చదరంగం గళ్ళలా వీధులు వేసుకుంది. 784లో రాజధాని తరలిపోయింది. కోట పొలమైపోయింది. 1914లో ఆ పొలాల మీదుగా రైలు పట్టాలు పడ్డాయి. ఇప్పుడు కనబడుతున్న ద్వారం 1998లో కట్టింది, మందిరం 2010లో కట్టింది. పాతదని ఎవరూ బుకాయించరు. నారాలో పొద్దంతా తిరిగితే ఇదే కథ వేరు వేరు చోట్ల వినబడుతుంది. కాలిపోయింది, మళ్ళీ కట్టారు. మళ్ళీ కాలిపోయింది, మళ్ళీ కట్టారు.

బాంబుల నుంచి ట్రిపుల్ ఆర్ దాకా

మా వైపు పెద్దవాళ్ళకు జపాన్ అంటే 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమానాలు వచ్చి విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. కాకినాడనూ వదల్లేదు. పట్నంలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. పాతికేళ్ళు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. అరకు వెళ్ళేవాళ్ళు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ సంబరపడే దారి అదే. కొత్తవలస మాకు పొరుగూరి కిందే లెక్క.

ఇప్పటి కుర్రకారుకి జపాన్ అంటే ట్రిపుల్ ఆర్ సినిమా. 2022 అక్టోబరులో అక్కడ విడుదలై నెలల తరబడి ఆడింది. అంతటితో ఆగలేదు. తకరాజుకా అని అందరూ ఆడవాళ్ళే నటించే పేరున్న నాటక సంస్థ ఒకటుంది. వాళ్ళు 2024 జనవరిలో ఆ కథను రంగస్థలం మీదికి ఎక్కించారు. రామరాజు, భీమ్ ఇద్దరూ ఆడవాళ్ళే! మాడుగుల కొండలెక్కితే అల్లూరి తిరిగిన మన్యం మొదలవుతుంది కాబట్టి, మా ఊళ్ళో కూర్చుని ఈ వార్త చదివినప్పుడు కాస్త గర్వం, కాస్త నవ్వు రెండూ వచ్చాయి.

ఇదంతా ఎనభై ఏళ్ళ ముచ్చట. నారాకీ మనకీ ఉన్న లావాదేవీ దీనికి చాలా ముందుది.

అసురుడు ఇలా ఉంటాడా?

స్టేషన్ నుంచి బయటపడి ఎత్తుగా పోయే రోడ్డు పట్టుకుంటే ముందు వచ్చేది కోఫుకుజీ బౌద్ధ మఠం. యాభై మీటర్ల అయిదంతస్తుల గోపురం దీనికి గుర్తు. ఎనిమిదో శతాబ్దంలో మొదలై, అయిదుసార్లు కాలి, 1426లో కట్టింది ఇప్పటికి నిలిచింది. మేం వెళ్ళేసరికి మరమ్మతుల కోసం దాన్ని నిలువునా కప్పేశారు. ఇంత దూరం వచ్చి గుడ్డ చూసి పోవాలా అని మేనల్లుడు నసిగాడు. పక్కనున్న నిధి మందిరంలోకి టికెట్ తీసుకున్నాక మళ్ళీ నోరెత్తలేదు.

అక్కడున్నాడు అసురుడు. జపాన్‌వాళ్ళు అషురా అంటారు. మూడు ముఖాలు, ఆరు చేతులు. మన గుళ్ళ గోడల మీద, వీధి నాటకాల్లో, సినిమాల్లో అసురుడంటే కోరలు, గుబురు మీసాలు, వికటాట్టహాసం. ఇక్కడ నిలబడ్డవాడు పన్నెండు, పదమూడేళ్ళ అబ్బాయి. సన్నటి చేతులు, బక్క ఒళ్ళు. రెండు చేతులు జోడించి ఉన్నాయి, మిగిలినవి గాలిలోకి చాచి ఉన్నాయి. ఎదుటి ముఖంలో కనుబొమలు దగ్గరికి ముడిపడి ఉంటాయి. కోపం కాదది. తప్పు చేసి తల్లిముందు నిలబడ్డ పిల్లాడి ముఖం. ఎత్తు 153 సెంటీమీటర్లు. 734లో కోమ్యో మహారాణి, చనిపోయిన తన తల్లి పేరు మీద చేయించింది. రాయి కాదు, కంచు కాదు. మట్టి బొమ్మ చేసి, దానిమీద లక్క పూసిన గుడ్డ పొరలు పొరలుగా అంటించి, ఆరాక లోపలి మట్టి తోడేసి, కర్ర చట్రం పెట్టారు. అందువల్ల మనిషెత్తు విగ్రహమైనా ఒక్కడు ఎత్తుకుని పరుగెత్తగలిగినంత తేలిక. గుడి తగలబడిన ప్రతిసారీ సన్యాసులు దీన్ని బయటికి మోసుకెళ్ళగలిగారంటే కారణం ఆ తేలికే. పక్కనే గరుత్మంతుడు, గంధర్వుడు కూడా ఉన్నారు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు. ఫోను జేబులో ఉంటేనే మనుషులు బొమ్మ ముఖం చూస్తారని నాకు అక్కడే రుజువైంది.

కోఫుకుజీతో మనకు ఇంకో లంకె ఉంది, గోడల మీద కనబడనిది. ఈ మఠంలో వందల ఏళ్ళు తర్కశాస్త్రం చదివారు. బౌద్ధ తర్కానికి ఆద్యుడు దిఙ్నాగుడు. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశం తిరిగిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, దిఙ్నాగుడు అక్కడి రాజధానికి దగ్గర్లో ఒంటరి కొండ మీద ఉండి తర్కగ్రంథం రాశాడని చెప్పాడు. ఆ రాజధాని వేంగి అని చరిత్రకారులు ఎక్కువమంది లెక్క. హ్యుయాన్‌త్సాంగ్ తిరిగి చైనా చేరాక ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో దోషో అనే జపాన్ సన్యాసి ఉన్నాడు. దోషో జపాన్‌కు మొదట పట్టుకొచ్చిన చదువుకే తర్వాత కోఫుకుజీ పీఠమైంది. వేంగి దగ్గరి కొండ మీద పుట్టిన వాదన ఇన్ని చేతులు మారి ఇక్కడ పాఠమైంది.

జింకల సంగతి త్వరగా చెప్పేస్తాను, అవి లేకుండా నారా గురించి ఎవరూ వినరు కాబట్టి. 1,300 పైచిలుకు ఉన్నాయి. కట్లు లేవు, కంచెలు లేవు. రోడ్డు దాటుతాయి, బస్టాపులో నిలబడతాయి. కసుగా ఆలయ దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చాడని నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. తవుడు, గోధుమపిండితో చేసిన బిళ్ళలు 200 యెన్లకు కట్ట చొప్పున అమ్ముతారు. బిళ్ళ చూపిస్తే జింక తల వంచి దణ్ణం పెడుతుంది. "చూపించి ఊరించకు మావయ్యా, మన ఆంబోతుల్లాగే ఇవీ కుమ్ముతాయి" అని హెచ్చరించాడు మావాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఒకటి నా చొక్కా అంచు నములుతోంది.

కుంచె పట్టిన చెయ్యి

తోదాయ్‌జీ గుడి దక్షిణ ద్వారంలో ఇద్దరు ద్వారపాలకులున్నారు. ఒక్కొక్కరు 8 మీటర్ల పైచిలుకు. ఒకడు నోరు తెరిచి, ఒకడు మూసి. 1203లో ఉంకెయ్, కైకెయ్ అనే శిల్పులు తమ బృందంతో దాదాపు 70 రోజుల్లో వేల చెక్క ముక్కలు అతికి చేశారు. వాళ్ళ పిక్కల మీద నరాలు చూడండి, చాలు. అక్కణ్ణించి లోపలికి పోతే మహాబుద్ధుడి మందిరం.

735 నుంచి 737 దాకా జపాన్‌ను మశూచి ఊడ్చేసింది. రాజ్యం నడిపిన ఫుజివారా అన్నదమ్ములు నలుగురూ ఒకే ఏడాది పోయారు. పంటలు లేవు, తిరుగుబాట్లు. షోము చక్రవర్తి 743లో ఆజ్ఞ వేశాడు. పెద్ద వైరోచన బుద్ధుణ్ణి కంచుతో పోతపోద్దాం, గడ్డిపోచ తెచ్చినవాణ్ణీ గుప్పెడు మన్ను తెచ్చినవాణ్ణీ కూడా కలుపుకుందాం అని దాని సారం. రాజు మాట కన్నా జనం విన్నది గ్యోకి మాట. గ్యోకి ఊరూరా తిరుగుతూ చెరువులు తవ్వించి, వంతెనలు కట్టించిన సన్యాసి. మొదట్లో సర్కారు ఆయన్ని అనుమతి లేని బోధకుడని ఆంక్షలు పెట్టింది. చివరికి విరాళాల కోసం ఆయన కాళ్ళే పట్టుకుంది. 747 నుంచి 749 దాకా కింది నుంచి పైకి ఎనిమిది అంచెల్లో పోతపోశారు. బంగారు పూతకి బంగారం ఎక్కడుందిరా అని తల పట్టుకుంటే 749లో ఉత్తరాది ముత్సు సీమలో గని దొరికింది. మొత్తం పని మీద 26 లక్షల చేతులు పడ్డాయని గుడి లెక్కల పుస్తకం చెబుతుంది. ఇది మనుషుల లెక్కకన్నా పనిదినాల లెక్క అయ్యుంటుందని నా అనుమానం.

752లో నాలుగో నెల తొమ్మిదో రోజున కళ్ళు దిద్దే ఉత్సవం. మన గుళ్ళల్లో ప్రతిష్ఠకు ముందు స్థపతి కళ్ళు తెరిపించే తంతు ఎవరికీ కొత్త కాదు, ఇదీ అదే. 10,000 మంది సన్యాసులు కూడారంటారు. షోము అప్పటికే సింహాసనం కూతురికి అప్పగించి సన్యాసం పుచ్చుకున్నాడు, ఒంట్లో బాగాలేదు. ఆయన బదులు కుంచె పట్టినవాడు బోధిసేనుడు.

నేను నారాకే పోదామన్నది ఈయన కోసం. బోధిసేనుడు దక్షిణ భారతం నుంచి వచ్చిన భారద్వాజ గోత్రీకుడైన బ్రాహ్మణుడని జపాన్ రికార్డులు చెబుతాయి. మంజుశ్రీ బోధిసత్త్వుణ్ణి దర్శించుకోవాలని చైనా వెళ్ళాడు. అక్కడ జపాన్ రాయబారి పిలిస్తే ఓడెక్కి 736లో జపాన్ చేరాడు. చంపా రాజ్యానికి చెందిన బుత్తెత్సు అనే సన్యాసి వెంట వచ్చాడు. నానివా రేవులో, అంటే ఇప్పటి ఒసాకాలో, వాళ్ళకు ఎదురెళ్ళినవాడు గ్యోకి. నారాలో దాయాంజీ మఠంలో ఉండి సంస్కృతం చెప్పాడు. 751లో సన్యాసులందరికీ పెద్దను చేశారు. బ్రాహ్మణ మహాచార్యుడని ఇప్పటికీ పిలుస్తారు. 760లో అక్కడే పోయాడు. నారా పడమటి కొండల్లో ర్యోసెన్‌జీ గుళ్ళో ఆయన సమాధి ఉంది.

ఈయన్ని తెలుగువాణ్ణి చేసెయ్యకండి. ఊరు పేరు రికార్డుల్లో లేదు, మదురై అని తమిళులు అంటారు. ఎవరు ఏ ఊరివాడన్న వాదనకన్నా నన్ను ఎక్కువ పట్టుకున్నది ఆయన చేతిలోని కుంచె. అది ఇంకా ఉంది! అరమీటరు దాటిన వెదురు కుంచె. మందిరం వెనక షోసోయిన్ అనే కర్రల ఖజానాలో 1,200 ఏళ్ళు భద్రంగా ఉండిపోయింది. ఆ రోజు కుంచెకు పొడవాటి నీలి దారం కట్టారు. బోధిసేనుడు పైన కన్ను దిద్దుతుంటే, కింద ఉన్నవాళ్ళు ఆ దారం పట్టుకున్నారు, పుణ్యంలో తలా కాస్త వాటా రావాలని. దారం కూడా ఉంది. 1180లో అంతర్యుద్ధంలో తోదాయ్‌జీ తగలబడి, బుద్ధుడి తల కరిగిపోయింది. పోత మళ్ళీ పోశాక 1185లో గో-షిరకావా అనే మాజీ చక్రవర్తి ఖజానాలోంచి ఆ పాత కుంచెనే తెప్పించి, పరంజా ఎక్కి కళ్ళు దిద్దాడు.

ఉత్సవం నాటి ఆటపాటల ముసుగులు కూడా దాచారు. వాటిలో గరుత్మంతుడి ముసుగుంది, తాగుబోతు పారశీక రాజు ముసుగుంది, బ్రాహ్మణుడి ముసుగూ ఉంది. ఆ ఆటలో బ్రాహ్మణుడు పిల్లల గుడ్డలుతుకుతూ జనాన్ని నవ్వించేవాడట. ఎదురుగా అసలు బ్రాహ్మణ మహాచార్యుడే కూర్చుని ఉండగా! ఆయన నవ్వాడో లేదో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మందిరంలోకి వెళ్దాం. బుద్ధుడు 15 మీటర్లు. ముఖం చూడగానే చెయ్యెత్తి దణ్ణం పెట్టబుద్ధేస్తుంది. కానీ ఆ ముఖం 752 నాటిది కాదు. 1567లో యుద్ధంలో గుడి మళ్ళీ కాలింది. తర్వాత వందేళ్ళకు పైగా బుద్ధుడు ఎండకు ఎండి వానకు తడిశాడు. చివరికి కోకెయ్ అనే సన్యాసి జోలె పట్టుకుని దేశమంతా తిరిగి చందాలు పోగేశాడు. 1692లో మరమ్మతై మళ్ళీ కళ్ళు తెరిచారు. మందిరం 1709లో పూర్తయింది, కోకెయ్ దాన్ని చూడకుండానే 1705లో పోయాడు. డబ్బు చాలక మందిరం వెడల్పు 86 మీటర్ల నుంచి 57కు తగ్గించారు. ఆ తగ్గించిందే ఇంత ఉందా అనిపిస్తుంది.

తొలినాటివి కావాలంటే కిందికి చూడాలి. పీఠం చుట్టూ ఉన్న కంచు తామర రేకుల్లో పాతవి మిగిలాయి. వాటి మీద సూదితో గీసినంత సన్నటి గీతల్లో అంచెలంచెలుగా లోకాలు, మధ్యలో బుద్ధుడు. జనం తల ఎత్తి బుద్ధుణ్ణి ఫొటో తీసుకుని, వెనకున్న స్తంభం కన్నంలోంచి దూరడానికి లైను కడతారు. బుద్ధుడి ముక్కు రంధ్రమంత ఉంటుందని ప్రచారం, దూరితే మంచిదట. రేకుల దగ్గర ఎవరూ ఆగరు. బయట ఆవరణలో ఎనిమిది పలకల కంచు దీపస్తంభం కూడా ఆనాటిదే. రెండు మంటల్ని తట్టుకుంది. పలకల మీద వేణువూదే బోధిసత్త్వుల చెంగులు గాలికి ఎగురుతుంటాయి. నారాలో ఒక్క వస్తువు చూడమంటే నేను దీన్నే చూడమంటాను.

గుడి ఆఫీసు దగ్గర ఒక పుస్తకం కొనుక్కుంటే అందులో ముద్ర వేసి, కుంచెతో రెండక్షరాలు రాసిస్తారు. తోదాయ్‌జీలో రాసేది 'కెగోన్' అని. అవతంసక సూత్రానికి జపాన్ పేరది. ఈ గుడికి మూలగ్రంథం అదే. దాని చివరి భాగం గండవ్యూహం. అందులో సుధనుడనే షావుకారు కొడుకు మంజుశ్రీ మాట మీద గురువుల్ని వెతుక్కుంటూ బయల్దేరుతాడు. యాభై మందికి పైగా దగ్గర నేర్చుకుంటాడు. వాళ్ళలో సన్యాసులు, రాజులే కాదు, ఓడ నడిపేవాడున్నాడు, అత్తరు వ్యాపారి ఉన్నాడు, వేశ్య ఉంది, చిన్నపిల్లలున్నారు. ఆ యాత్ర బొమ్మల చుట్టను తోదాయ్‌జీ దాచుకుంది. సుధనుడి ఊరు దక్షిణాపథంలోని ధన్యాకరం. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతి పక్క ధరణికోటేనని చాలామంది పండితుల మాట. బోధిసేనుడి ఊరు మనది కాకపోతే పోనివ్వండి, ఈ గుడి నమ్ముకున్న కథలో కుర్రాడు కృష్ణ ఒడ్డు నుంచి బయల్దేరినవాడు.

ఇది చెప్తే మేనల్లుడు కాసేపు ఆలోచించి, "అయితే ఆడూ నాలాగే ఊరొదిలేసి తిరిగినోడే కదేటి మావయ్యా" అన్నాడు.

మందిరం పైన కొండవాలున నిగత్సుదో అనే మరో మందిరం ఉంది. టికెట్ లేదు, నారా అంతా కనబడుతుంది. ఇక్కడ 752లో జిచ్చూ అనే సన్యాసి మొదలుపెట్టిన వ్రతం ఏటా మార్చి 1 నుంచి 14 దాకా జరుగుతుంది. ఇప్పటిదాకా ఒక్క ఏడాది తప్పలేదు. పదకొండు మంది సన్యాసులు ఊరి తప్పులన్నిటికీ క్షమాపణ అడుగుతారు. రాత్రిపూట పెద్ద పెద్ద కాగడాలు మోసుకుని మండపం మీద పరుగెత్తుతారు. 12 రాత్రి దాటాక బావి నీళ్ళు తోడి దేవుడికిస్తారు. 1667లో వ్రతం జరుగుతుండగానే మందిరం అంటుకుని కాలిపోయింది. మిగిలిన వ్రతం పక్క గుళ్ళో పూర్తిచేశారు. రెండేళ్ళలో కొత్త మందిరం కట్టుకున్నారు. వాళ్ళకు కట్టడం పోతే పోయింది, పని ఆగకూడదు. ఊరు ఎందుకు బతికుందో నాకు అక్కడ అర్థమైంది. నారాలో పాత కర్ర కొంతే మిగిలింది. పాత పని మాత్రం చాలా ఉంది.

తిండి విషయం. శాకాహారులకు కొంచెం కష్టం. కూరగాయల పులుసులో కూడా ఎండుచేప రసం పోస్తారు, అడిగి తినాలి. సాంజో వీధిలో నకతానిదో అనే మిఠాయి అంగడి ముందు గుంపు కనబడితే ఆగండి. ఇద్దరు పెద్ద చెక్క సుత్తులతో రోట్లో ఉడికించిన జిగురు బియ్యం ముద్దను దంచుతుంటారు, ఆ దెబ్బల సందులో ఒకడు చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతాడు. వేగం చూస్తే వేళ్ళు పోయాయేమో అనిపిస్తుంది. ముద్ద ఆకుపచ్చగా ఉంటుంది, వినాయక చవితి పత్రిలో వేసే మాచిపత్రి జాతి ఆకు కలుపుతారు. లోపల తియ్యటి ఎర్ర చిక్కుడు పప్పు ముద్ద, పైన వేయించిన సోయా పిండి. ఇంకోచోట ఆ పిండితోపాటు నల్లటి పాకం పోసిచ్చారు. చెరకు రసం కాచి చేసిన నల్ల చక్కెర పాకం. గోవాడ చెరకు, అనకాపల్లి బెల్లం మధ్య పుట్టి పెరిగిన నాలుకకు ఆ రుచి పరిచయం అక్కర్లేదు. మన బెల్లమే నయం, ఇది కాస్త చేదు తగిలింది.

మన కొండ సంగతి

బోధిసేనుడు కుంచె ఎత్తిన ఆ 752లో, కె.కోటపాడుకు గంట ప్రయాణంలో ఏం జరుగుతోంది? అనకాపల్లి పక్క శంకరంలో బొజ్జన్నకొండ మీద బౌద్ధ విహారం అప్పటికింకా నడుస్తోంది. తొమ్మిదో శతాబ్దం దాకా అక్కడ సన్యాసులున్నారని పురావస్తు లెక్క. 1907–08లో అలెగ్జాండర్ రీ తవ్వించాడు. శాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుడి బంగారు నాణెం, తూర్పు చాళుక్యుల రాగి నాణేలు దొరికాయి. కొండను తొలిచి గుహలు చేశారు. పెద్ద గుహలో పదహారు స్తంభాలు, మధ్యలో అదే రాతిలో వదిలేసిన స్తూపం. ద్వారం పైన బుద్ధుడు. పడమటి వైపు లింగాలకొండ మీద చిన్నా పెద్దా స్తూపాలు వరసలు వరసలుగా కొండ నుంచే మలిచి ఉంటాయి. విశాఖ చుట్టూ తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, ఇటు కొత్తూరు ధనందిబ్బలు. ఈ తీరం పొడవునా అంతకు చాలా ముందే దీపాలు వెలిగాయి.

నారాలో కాలిపోయేవన్నీ కర్రవి. మనవి కాలనివి, రాయి. వాళ్ళది ఎన్నోసారి కట్టిందో లెక్కపెట్టుకోవాలి, మనది మొదటిసారి చెక్కిందే. వయసు పోటీ పెడితే శంకరం గెలుస్తుంది. కానీ ఇక్కడ పని ఆగిపోయింది. తొమ్మిదో శతాబ్దం తర్వాత ఆ కొండ ఎవరిదో ఊరు మర్చిపోయింది. కనుమ నాడు జనం కొండెక్కి బొమ్మల మీద రాళ్ళు రువ్వే ఆనవాయితీ కూడా పెట్టుకున్నారు. వారసత్వ కట్టడాల మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఊరివాళ్ళతో మాట్లాడి ఆ రాళ్ళను ఆపించడానికి ఈమధ్య దాకా తంటాలు పడ్డారు. జనాన్ని తిట్టి లాభం లేదు. అక్కడున్నదెవరో చెప్పేవాళ్ళు వెయ్యేళ్ళుగా లేకపోతే ఏ ఊరైనా అంతే చేస్తుంది. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఏటా ఎవరూ గుర్తుచెయ్యకుండానే జరుగుతుంది కదా. పని చేసేవాళ్ళుంటే మర్చిపోవడం ఉండదు.

మన ప్రభుత్వాలు బౌద్ధ పర్యాటకం పేరు చెప్పినప్పుడల్లా జపాన్ యాత్రికుల్ని రప్పిస్తామంటాయి. రప్పించొచ్చు. కాని వచ్చినవాడికి చూపించాల్సింది లేజర్ షో కాదు, కొండ కింద నిలబడి ఈ కథ చెప్పగల ఒక మనిషిని. మా మండలాల్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు బోలెడంతమంది. సుధనుడి కథ, బోధిసేనుడి కథ, శంకరం తవ్వకాల కథ ఒక వారం నేర్పితే చాలు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. షోసోయిన్ వస్తువుల్ని ఏటా శరదృతువులో, అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారాల దాకా, నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. ఏ ఏడాది ఏవి పెడతారో మారుతుంది, ముందు కనుక్కుని వెళ్ళండి. ఆ ఖర్చు పెట్టలేనివాళ్ళు అనకాపల్లిలో బస్సు దిగి శంకరానికి ఆటో మాట్లాడుకోండి. ఎండెక్కకముందే కొండెక్కండి, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి, ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోండి.